నారా, కోయసాన్ దారిలో గుళ్ళూ సాకే: నవంబర్ ట్రిప్‌కి నా సలహా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నవంబర్ 11 సాయంత్రం ఒసాకాలో దిగి 18న తిరిగి వెళ్తారు. మీ దంపతులిద్దరూ, మీ అమ్మగారూ. ఆవిడ శాకాహారి. క్యోటో రద్దీ వద్దు. పల్లెల్లో పాత బౌద్ధాలయాలు చూడాలి, ఏ ఊరి సాకే, అంటే జపాన్ బియ్యపు మద్యం, ఆ ఊళ్ళోనే రుచి చూడాలి. గుడీ మందూ కలిపి పెట్టుకుంటే అపచారమేమో అని ఒక అనుమానం, కారు అద్దెకి తీసుకుందామా అని ఇంకో ప్రశ్న. వెళ్ళేటప్పుడు మీ మావయ్యగారికి ఒక సీసా కూడా కావాలి. నేను పదకొండేళ్ళుగా ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాను, సెలవు దొరికితే నేను పోయేది ఈ దారుల్లోనే. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు కారు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతా ప్లానంతా దాన్ని బట్టే ఉంటుంది. వద్దు. మన ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది, మనలాగే ఎడమ వైపు నడుపుతారు, రోడ్లు అద్దంలా ఉంటాయి, అన్నీ నిజమే. కానీ లీటరు ఊపిరిలో 0.15 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దొరికితే చాలు, మూడేళ్ళ దాకా జైలు లేదా 5 లక్షల యెన్ల దాకా జరిమానా. తెలిసి పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకీ, తెలిసి పోసినవాళ్ళకీ కూడా శిక్ష ఉంది. అందుకే సాకే కౌంటర్ దగ్గర ముందు 'కారులో వచ్చారా?' అని అడుగుతారు. అవునన్నారా, గుటకెడు కూడా పోయరు. పోనీ సైకిల్ మీద తిరుగుదామా అంటే, 2024 నవంబర్ నుంచి తాగి సైకిల్ తొక్కినా ఇదే జైలు, ఇదే జరిమానా. రైలు, బస్సు, తప్పనిచోట టాక్సీ. అంతే. పల్లెల్లో బస్సు గంటకొకటి, ఒక్కోచోట రోజుకి నాలుగైదే. ఊళ్ళో దిగగానే చేయాల్సిన మొదటి పని స్టాప్‌లో అతికించిన టైం టేబుల్‌ని ఫోన్‌తో ఫోటో తీసుకోవడం.

ఇక అపచారం మాట. పంచశీలలో ఐదోది మత్తుపానీయాలు ముట్టనని చెప్పుకునే శీలమే, అందులో సందేహం లేదు. చాలా జెన్ గుళ్ళ ద్వారం పక్కన ఒక రాతి స్తంభం ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి లాంటి ఘాటు సరుకూ, మద్యమూ ఈ ద్వారం దాటి లోపలికి రాకూడదని దాని మీద చెక్కి ఉంటుంది. ఉల్లి వెల్లుల్లి వాడని ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఆ అక్షరాల్నే వేరేచోట విరిచి 'ఉల్లికి అనుమతి లేదు, సాకే అయితే రావచ్చు' అని చదివే పాత జోకు కూడా ఇక్కడ ఉంది.

జోకు అలా ఉంచితే, ఇవాళ మనం తాగే తేట సాకే పద్ధతులు చాలావరకు గుళ్ళలోనే రూపు దిద్దుకున్నాయి. మధ్యయుగంలో పెద్ద గుళ్ళకి మాన్యాలుండేవి, వాటి నుంచి బస్తాలకొద్దీ బియ్యం వచ్చేది. కొండ మీద మంచి నీళ్ళు, పని చేసే మనుషులు, చైనా నుంచి తెచ్చుకున్న చదువు, అన్నీ ఒక్కచోటే ఉండేవి. పైగా అప్పట్లో బౌద్ధం, షింతో (జపాన్ సొంత దేవతల మతం) కలిసే ఉండేవి. గుడి ఆవరణలో కాపలా దేవతకి చిన్న కోవెల ఉండేది, ఆ దేవతకి సాకే నైవేద్యం పెట్టాలి. నైవేద్యంతో మొదలైంది కాస్తా గుడికి పెద్ద రాబడి అయింది. సన్యాసులు చేసిన ఆ సాకేకి 'సోబోషు' అని పేరు. నారాలోని కోఫుకుజి గుడికి చెందిన తమోనిన్ అనే చోట సన్యాసులు 1478 నుంచి 1618 దాకా తరాల తరబడి డైరీ రాశారు. సాకేని వేడిచేసి చెడిపోకుండా చేయడం 16వ శతాబ్దంలోనే అందులో రాసి ఉంది. పాశ్చర్ ఇంకా మూడు వందల ఏళ్ళకి గానీ రాడు.

కాబట్టి రెంటినీ ఒకే ట్రిప్‌లో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, పైగా చరిత్రకి దగ్గరగా ఉంటుంది. నేను పాటించేది ఒక్కటే: పొద్దున గుడి, మధ్యాహ్నం దాటాక సాకే. తాగి గుడికి వెళ్ళను. నోట్లో వాసనతో గుడి లోపల కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, కానీ వాళ్ళు అనకపోవడమే మనకి ఇబ్బందిగా ఉంటుంది.

మాట సాయం కూడా ఒకటి. జపాన్‌లో 'సాకే' అంటే ఏ మద్యమైనా కావచ్చు. మీకు కావాల్సిన దాన్ని 'నిహోన్‌షు' అంటారు, ఆ ప్రాంతంలో తయారైనదైతే 'జిజాకే'. తయారు చేసే చోటు 'సకగురా'. సారాలాగా దీన్ని కాచి బట్టీ దించరు, బియ్యాన్ని పులియబెడతారు. మామూలుగా 15, 16 శాతం ఆల్కహాల్, నీళ్ళు కలపనిదైతే 18 పైన.

11 రాత్రి నేరుగా నారా వెళ్ళిపోండి. అక్కడ నాలుగు రాత్రులు ఉండండి, రోజుకో వైపు వెళ్ళి రండి.

12న ఊళ్ళోనే. తోదైజి మహాబుద్ధుణ్ణి ఎలాగూ చూస్తారు. 752లో ఆ విగ్రహానికి కళ్ళు తెరిపించే పూజ చేసింది మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు, అది గుర్తు పెట్టుకుని చూడండి. సాయంత్రం నారామాచి పాత వీధుల్లో హరుషికా అనే సకగురా ఉంది. కొన్ని వందల యెన్లకి ఐదు రకాలు గుటకెడు గుటకెడు పోసి, ఆ కప్పు మీకే ఇచ్చేస్తారు. మొదటిరోజు నాలుక అలవాటు పడటానికి ఇది చాలు. పోసేవాళ్ళ మాట వినండి. తేలికగా ఉన్నదాంతో మొదలుపెట్టి చిక్కగా ఉన్నదాని వైపు వెళ్తారు, ఆ వరస మార్చకండి.

13న షోర్యకుజి. ఈ ట్రిప్‌కి అసలు కారణం ఇదే అనుకోండి. నారాకి ఆగ్నేయంగా కొండ మడతలో 992లో ఇచిజో చక్రవర్తి ఆజ్ఞతో కట్టిన గుడి. ఒకప్పుడు 86 ఉపాలయాలుండేవట. ఇప్పుడు మిగిలింది కొద్దిపాటి కట్టడాలు, పాత రాళ్ళ గోడలు, పక్కనే గలగలమంటూ వాగు. ఆ కొండ పేరు బొదైసెన్. బొదై అంటే మన 'బోధి'. వాగు పక్కన 'జపాన్ తేట సాకే పుట్టిన చోటు' అని చెక్కిన రాయి ఉంటుంది. నవంబర్ మధ్య నుంచి మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. ఆ రోజుల్లో నారా నుంచి ప్రత్యేకంగా బస్సులు వేస్తారు. మామూలు రోజుల్లో బస్సు గుడి దాకా రాదు, చాలాసేపు నడవాలి. అమ్మగారు ఉన్నారు కాబట్టి స్పెషల్ బస్సు లేకపోతే స్టేషన్ నుంచి టాక్సీ మాట్లాడుకోండి, తిరిగి రావడానికి కూడా అదే టాక్సీని టైం చెప్పి రమ్మనండి. ఒకసారి నేను ఆ పని చేయకుండా, దిగిపోతే దారిలో ఏదో దొరక్కపోతుందా అనుకున్నాను. చీకట్లో పొలాల మధ్య గంట పైగా నడిచాను. దారిలో ఎదురైంది ఒక్క నక్క.

ఇక్కడి సాకే పద్ధతి పేరు బొదైమొతో. మీకు తరవాణి తెలిస్తే ఇది అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. మా అమ్మమ్మ ఇంట్లో తరవాణి కుండ ఉండేది. అన్నం, గంజీ నీళ్ళలో పులిసి, మూత తీయగానే ముక్కుకి పుల్లగా తగిలేది. ఇక్కడా అంతే. పచ్చి బియ్యాన్ని నీళ్ళలో నానబెట్టి, మధ్యలో కాస్త ఉడికిన అన్నం పెడతారు. రెండు మూడు రోజుల్లో నీళ్ళు పులుస్తాయి. ఆ పుల్లనీళ్ళని 'సొయషిమిజు' అంటారు. పులుపుకి చెడ్డ సూక్ష్మజీవులు చస్తాయి, సాకేకి పనికొచ్చే ఈస్ట్ నిలబడుతుంది. తర్వాత ఆ నానిన బియ్యాన్నే వడగట్టి, ఆవిరి మీద ఉడికించి, కోజి అనే బూజు పట్టించిన బియ్యాన్నీ ఆ పుల్లనీళ్ళనీ కలిపి తోడు తయారు చేస్తారు. పాలకి పెరుగు తోడు ఎలాగో సాకేకి ఇది అలా. వేడి రోజుల్లో కూడా తోడు చెడకుండా నిలబడటం ఈ పద్ధతి గొప్ప.

మధ్యలో శతాబ్దాల పాటు ఇది మరుగున పడిపోయింది. 1996లో నారా సకగురాలు కొన్ని ఒక అధ్యయన బృందంగా కలిసి, పాత రాతలు చూసి, గుడి నీళ్ళతో మళ్ళీ బతికించాయి. ఇప్పుడు ఏటా జనవరిలో గుడి ఆవరణలోనే ఆ తోడు తయారు చేసి, సకగురాలు తలాకాస్త తీసుకెళ్ళి ఎవరి సాకే వాళ్ళు చేసుకుంటారు. ఒక జనవరిలో నేనూ చూశాను. పెద్ద చెక్క గంపలో బియ్యం ఉడుకుతుంటే ఆవిరి కొండ మీదికి లేచింది. వణుకుతూ నిలబడ్డ జనం అంతా ఆ ఆవిరి ఎటు పోతే అటు జరిగారు. మీరు వెళ్ళేది నవంబర్‌లో కాబట్టి అది కుదరదు, కానీ సీసాలు దొరుకుతాయి. తకచో, మిమురోసుగి, కికుత్సుకసా పేర్లతో బొదైమొతో సీసాలు నారా దుకాణాల్లో అడగండి. మూడూ ఒకే తోడు కుటుంబం, మూడు రుచులు. వాసనలో మజ్జిగ పులుపు, అడుగున అన్నం తీపి. పండ్ల వాసన వచ్చే ఖరీదైన దైగింజో తాగి అదే సాకే అనుకున్నవాళ్ళకి మొదటి గుటక నచ్చదు. రెండోది గోరువెచ్చగా చేయించుకుని తాగండి.

14న పొద్దున హసెదెరా, మధ్యాహ్నం మివా. రెండూ సకురాయి ఊరి చుట్టుపక్కలే. హసెదెరాలో పైకప్పున్న 399 మెట్లు ఉంటాయి. ఎత్తు తక్కువ మెట్లు కాబట్టి అమ్మగారు ఆగుతూ ఎక్కేయగలరు. పైన పది మీటర్ల పైన ఎత్తున్న చెక్క విగ్రహం, కన్నన్. అంటే మన అవలోకితేశ్వరుడు. మసక వెలుతురులో పాదాల దగ్గర నిలబడి పైకి చూస్తే ముఖం కనిపించడానికి కాస్త టైం పడుతుంది. మెట్ల కింద వీధిలో మోచీ అనే జిగురు బియ్యపు ముద్దలు కాల్చి అమ్ముతారు, వేడిగా ఉన్నప్పుడే తినండి.

మివాలో ఉన్నది ఒమివా, అది షింతో కోవెల, బౌద్ధాలయం కాదు. కానీ సాకే కోసం వచ్చినవాళ్ళు దాన్ని దాటి పోకూడదు. ఏటా నవంబర్ 14న అక్కడ సాకే తయారీదార్ల పండగ, దేశమంతటి నుంచీ వస్తారు. సకగురాల ముందు దేవదారు లాంటి సుగి ఆకుల బంతి వేలాడటం చూస్తారు, దాని పేరు సుగిదమ. కొత్త సాకే వచ్చే కాలంలో పచ్చగా కడతారు, ఏడాది తిరిగేసరికి గోధుమ రంగుకి మారుతుంది. ఆ ఆచారానికి మూలం ఈ కోవెలే. పండగ తంతు పొద్దున అయిపోతుంది. ఆ రద్దీలో అమ్మగారిని తిప్పకుండా మధ్యాహ్నం వెళ్ళండి, కొత్త సుగిదమ ఎక్కడికీ పోదు. అక్కడి నుంచి నడిచేంత దూరంలో 1660 నాటి ఇమనిషి సకగురా వాళ్ళ దుకాణం, మిమురోసుగి వాళ్ళదే. ఒకటి మర్చిపోవద్దు: షింతో కోవెలలో రెండుసార్లు చప్పట్లు కొడతారు, బౌద్ధాలయంలో కొట్టరు. చేతులు జోడించడమే. అది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

సకగురా లోపలికి వెళ్ళి చూడాలని ఉంటే ముందే మెయిల్ పెట్టాలి, చాలామంది రానివ్వరు. రానిచ్చినా ఒక షరతు ఉంటుంది, దాన్ని నేను నా సొంత అవమానంతో నేర్చుకున్నాను. ఆరేళ్ళ క్రితం ఒక చిన్న సకగురాకి వెళ్ళాను. తలకి బట్ట కట్టుకున్న పెద్దాయన చెప్పులు మార్చుకోమని చూపిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు: 'ఈ పొద్దున నత్తో తిన్నారా?' హోటల్లో టిఫిన్‌కి పెట్టారు, ఇన్నేళ్ళకి ఆ జిగురు సోయా గింజలు తినడం వచ్చిందని నాకు గర్వం కూడాను. నవ్వుతూ 'తిన్నాను, బావుంది' అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. నత్తోలో ఉండే బాక్టీరియా కోజి గదిలో చేరితే మొత్తం పాడవుతుందట. చాలా మర్యాదగా, రెండుసార్లు వంగి, నన్ను బయటే ఆపేశాడు. నాతో వచ్చిన ముగ్గురూ లోపల గంటసేపు తిరిగారు, నేను వాకిట్లో పిల్లితో కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు ఆయనే వచ్చి ఒక కప్పు చేతిలో పెట్టాడు. అడుగున రెండు నీలి వలయాలున్న తెల్ల కప్పు. తెల్లదనం మీద రంగు, నీలి గీత అంచున తేటదనం కనిపెట్టడానికే ఆ వలయాలు. ఆ రోజు నాకు అర్థమైన ఒక్క పాఠం ఆ కప్పే. మీరు మాత్రం నత్తో ముట్టకండి, సెంటు కొట్టుకోకండి.

15న నారా వదిలేయండి. పెద్ద సూట్‌కేసుల్ని హోటల్ కౌంటర్ దగ్గరే 'తక్యుబిన్' పార్సెల్‌లో ఒసాకా హోటల్‌కి పంపేయండి, ఒక్కో బ్యాగుతో కోయసాన్ అనే గుళ్ళ కొండెక్కండి. రైళ్ళు మారుతూ కవాచినగనో చేరాలి. కోయసాన్ వెళ్ళేవాళ్ళు నూటికి తొంభై మంది ఈ స్టేషన్‌లో దిగకుండా పోతారు. నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. ఇక్కడి నుంచి బస్సులో ఇరవై నిమిషాల దూరంలో అమనోసాన్ కొంగోజి ఉంది. కోయసాన్‌కి ఆడవాళ్ళని రానివ్వని కాలంలో ఈ గుడి రానిచ్చింది, అందుకే దీన్ని 'ఆడవాళ్ళ కోయ' అన్నారు. ఇక్కడి సన్యాసుల సాకే 16వ శతాబ్దంలో జపాన్‌ని ఏలిన తొయొతొమి హిదెయోషికి ఎంతో ఇష్టం. ఆ గుడి సాకే ఎప్పుడో ఆగిపోతే, స్టేషన్ దగ్గర పాత కోయ బాటలో ఉన్న సైజో అనే సకగురా, 1718 నాటిది, 1971లో అమనోసకే పేరుని మళ్ళీ నిలబెట్టింది. వాళ్ళ దగ్గర పాత పద్ధతిలో చేసిన సోబోషు ఒకటి ఉంటుంది. తేనె రంగు, చిక్కదనం, నాలుక మీద పాకంలాంటి తీపి. హిదెయోషి తాగింది ఇలాంటిదే అనుకుంటే, ఆ కాలంలో తీపి ఎంత విలాసమో తెలుస్తుంది. చిన్న సీసా చాలు. మీ మావయ్యగారికి తీపి మద్యం ఇష్టమైతే ఇక్కడే ఆయన సీసా తేలిపోయింది.

మళ్ళీ స్టేషన్‌కి వచ్చి నంకై అనే రైలు లైను పట్టుకుని గొకురకుబాషి దాకా, అక్కడి నుంచి ఐదు నిమిషాలు కేబుల్ కారు, పైన బస్సు. పై స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడవనివ్వరు. కోయసాన్ 816లో కూకై అనే ఆచార్యుడికి దక్కిన కొండ. ఎత్తు 800 మీటర్ల పైన, నవంబర్ రాత్రి ఎముకలు కొరికే చలి. ఊలు మేజోళ్ళు, చిరుగులు లేనివి, ఎందుకంటే చెప్పులు విప్పే పని రోజుకి ఇరవైసార్లు. రాత్రి బస గుడిలోనే, దాన్ని షుకుబో అంటారు. యాభై దాకా ఉన్నాయి. రెండు పూటల భోజనంతో మనిషికి 15,000 యెన్ల పైమాటే, నవంబర్‌లో ఇంకా ఎక్కువ. ఇవాళే బుక్ చేయండి. సాయంత్రం ఐదులోపు చేరాలి, భోజనం ఆరింటికల్లా వచ్చేస్తుంది. ఆలస్యమైతే వాళ్ళు తిట్టరు, చల్లారిన కూర పెడతారు.

మీ అమ్మగారికి ఈ ట్రిప్ మొత్తంలో నిశ్చింతగా తినగలిగే భోజనం ఇదే. షోజిన్ ర్యోరి: మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. చారుకి కూడా సముద్రపు నాచు, ఎండబెట్టిన పుట్టగొడుగులే. నువ్వుల పాలతో చేసే గొమదోఫు, గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు, అంటే కోయదోఫు, ఇక్కడి ప్రత్యేకం. ఉప్పూ కారం తక్కువ, ఒక చిన్న పచ్చడి సీసా వెంట ఉంచండి, గదిలో ఎవరూ చూడరు.

ఇక ఇదే గుడిలో మీకు సాకే కూడా దొరుకుతుంది, చాలా షుకుబోల్లో ఇస్తారు. మెనూలో 'హన్న్యాతో' అని ఉండొచ్చు. హన్న్యా అంటే ప్రజ్ఞ, తో అంటే వేడినీళ్ళు. ప్రజ్ఞాజలం అన్నమాట! శీలం పేరుకి శీలం, చలికి చలి. కొండ కింద కత్సురగి ఊళ్ళో హత్సుసకురా అనే సకగురా ఈ పేరుతోనే సీసా అమ్ముతుంది. జపాన్‌లో సన్యాసుల పెళ్ళి, మాంసం విషయంలో ప్రభుత్వం 1872లోనే జోక్యం మానుకుంది. కాబట్టి మీకు పోసే పూజారిగారికి ఇంట్లో భార్యాపిల్లలున్నా ఆశ్చర్యపోకండి. వేడిచేసి తెమ్మంటే 'అత్సుకాన్' అనండి. ఒక గో, అంటే 180 మిల్లీలీటర్లు, ఇద్దరికి సరిపోతుంది. పొద్దున ఆరింటికి లేవాలి మరి.

పొద్దున పూజ మాత్రం మానొద్దు. రెండేళ్ళ క్రితం మా అమ్మని తీసుకెళ్ళాను. చీకటి గదిలో, చలికి శాలువా కప్పుకుని కూర్చుంది. పూజారులు గొంతు కలిపి 'ఒన్ అబొక్యా బేయిరొషనో మకా బొదరా మని హందొమా జింబరా' అని మొదలుపెట్టారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. 'ఓం అమోఘ వైరోచన మహాముద్రా మణిపద్మ జ్వాల అంటున్నారురా' అని గుసగుసగా అంది. నాకు ఏళ్ళ తరబడి తట్టనిది ఆవిడకి పది క్షణాల్లో తట్టింది. తర్వాత గోడ మీద తామర పువ్వులో ఒక అక్షరం ఉన్న పటం చూపిస్తే, అది సిద్ధం లిపిలో 'అ' అని పూజారి చెప్పాడు. ఆ 'అ'ని చూస్తూ ధ్యానం చేస్తారట. మన అక్షరాభ్యాసంలోనూ అదే కదా మొదటిది అని అమ్మ తెలుగులోనే చెప్పింది, ఆయన తలాడించాడు. కొన్ని షుకుబోల్లో గొమా కూడా చేస్తారు. పేరు వింటేనే తెలుస్తుంది కదా, హోమం. ఇంకో మాట, కూకై స్థాపించిన ఈ షింగోన్ శాఖ గురుపరంపరలో నాగార్జునుడూ ఉన్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తెరిచి ఈ విద్యని ఆయన అందుకున్నాడని వాళ్ళ నమ్మకం. ఆ స్తూపం మన అమరావతే అనేవాళ్ళూ ఉన్నారు.

16న ఒకునోయిన్. రెండు కిలోమీటర్ల దారి, రెండు లక్షలకి పైగా సమాధులు, ఆకాశాన్నంటే సుగి చెట్లు. ప్రభువుల సమాధుల మధ్యే కంపెనీలు పెట్టించినవీ ఉంటాయి, చెదపురుగులకి వాటిని చంపేవాళ్ళు కట్టించిన స్మారకం కూడా ఉంది. చివరి వంతెన దాటాక ఫోటోలు వద్దు. కూకై చనిపోలేదు, లోపల ధ్యానంలో ఉన్నాడని నమ్మకం, రోజూ రెండు పూటలా భోజనం తీసుకెళ్తారు. రాత్రి ఒసాకా చేరి, 17న షాపింగ్, విశ్రాంతి.

కొండ దిగాక మళ్ళీ అమ్మగారి తిండి టెన్షన్ మొదలవుతుంది. చేప పొడి వేసిన చారు అన్నిటిలో ఉంటుంది, కూరగాయల ఉడోన్ (లావు గోధుమ నూడుల్స్)లో కూడా. 'నికు మొ సకనా మొ కత్సువో దాషి మొ తబెమసెన్' అని కాగితం మీద జపనీస్‌లో రాయించుకుని చూపించండి. మాంసం, చేప, చేప చారు ఏవీ తినను అని. నారా ఊరగాయ నారాజుకే బావుంటుంది, కానీ అది సాకే పిప్పిలో ఊరబెట్టింది. మా అమ్మ రెండు ముక్కలు తిన్నాక ఆ సంగతి చెప్పి మాట పడ్డాను. అమజాకే అనే తియ్యటి బియ్యపు పానీయం అడిగితే కోజితో చేసినదేనా అని కనుక్కోండి, దాంట్లో ఆల్కహాల్ ఉండదు.

తాగేటప్పుడు మన పార్టీల్లోలాగా ఒక్క గుటకలో ఎత్తేయకండి. పక్కన మంచినీళ్ళు పెట్టించుకుని, సాకే ఎంత తాగితే అంత నీళ్ళూ తాగండి. ఎదుటివాళ్ళ కప్పు మీరు నింపండి, మీది వాళ్ళు నింపుతారు. సీసా మీద 'కరకుచి' అంటే కారం అనుకోకండి, తీపి లేదని అర్థం. మీరు వెళ్ళేసరికి వేసవంతా మాగిన 'హియఒరొషి' ఇంకా దొరుకుతుంది, కొత్త సాకే అప్పుడే మొదలవుతుంది. రెండూ పక్కపక్కన పోయించుకోండి. నా అనుభవంలో గోంగూర పచ్చడి తీపి సాకేతో అస్సలు కుదరదు, పుల్లటి బొదైమొతోతో మాత్రం భలే కుదురుతుంది.

ఫుకుయిలోని ఎయిహెయిజి, 1244లో దోగెన్ స్థాపించిన జెన్ మఠం, ఈసారికి ఇరికించకండి. అది వేరే దిక్కు. ఇంకోసారి వస్తే మాత్రం అదే ఊళ్ళో కొకుర్యు సకగురా ఉంది, రెండు రోజులు దానికే పెట్టుకోవచ్చు.

సీసా విషయం. మన కస్టమ్స్‌లో పెద్దవాళ్ళకి తలా రెండు లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 720 మిల్లీలీటర్ల సీసాలు రెండేసి. కొనేటప్పుడు 'నమ దెసు కా?' అని అడగండి. నమ అంటే వేడి చేయనిది, దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, విమానాలు మారి ఇంటికి చేరేసరికి రుచి పోతుంది. అది ఇక్కడే తాగేయండి, మావయ్యగారికి వేడి చేసినదే కొనండి. టవల్‌లో చుట్టి చెకిన్ సూట్‌కేసు మధ్యలో పెట్టండి. ఇంటికెళ్ళాక నిలబెట్టి ఫ్రిజ్‌లో ఉంచమనండి. మూత తీశాక మాత్రం విస్కీలాగా షోకేసులో ఏడాది దాచుకోవద్దని, రెండు వారాల్లో పూర్తి చేయమని చెప్పండి.